బూట్లతో నొక్కి చూసిన బోర్డు

పోయిన నెలలో ఇద్దరు కుర్రాళ్లు మా ఇంటికి వచ్చారు. ఒకడి భుజానికి గిటారు, రెండోవాడి చేతిలో సూట్‌కేసంత నల్లటి పెట్టె. ఎవరో చెప్పారట, ఈ ముసలాయన చేతిలో పడితే వైరు మళ్లీ ఊడదని. అరుగు మీద పెట్టి మూత తీశారు. లోపల ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఎనిమిది ఇనుప డబ్బాలు వరసగా బిగించి ఉన్నాయి. ఒకదాన్నించి ఇంకోదానికి జానెడు జానెడు వైర్లు.

"దీన్ని పెడల్‌బోర్డంటారండి తాతగారూ. కాలితో ఒక్కో డబ్బా నొక్కుతుంటే గిటారు గొంతు ఒక్కోలా మారిపోద్దండి. కోనసీమ మొత్తమ్మీద మొట్టమొదటి పెడల్‌బోర్డు మాదేనండి" అన్నాడు పెట్టె మోసినవాడు.

మొట్టమొదటిదా!

నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. కోపం తెచ్చుకోవద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. అయినా తెచ్చుకున్నాను. చేతిలో ఉన్న సోల్డరింగు ఐరన్ పక్కన పెట్టి, "ముందు కూర్చోండి" అన్నాను. ఆ పూట వాళ్లకి చెప్పిందే ఇప్పుడు రాస్తున్నాను. మనకి ముందు ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేదనుకునే కుర్రాళ్లు వాళ్లిద్దరే కాదు, చాలామంది ఉన్నారు. చదువుకోండి.

ఎనభైల్లో నాకు అమలాపురం బస్టాండుకి దగ్గర్లో రేడియో రిపేరు కొట్టుండేది. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. రాజమండ్రి ఫుట్‌పాతు మీద పాత ఇంగ్లీషు పుస్తకాలు కొని, ముందు బొమ్మలు చూసి సర్క్యూట్లు నేర్చుకున్నాను. ఆ బొమ్మల కింద ఉన్న అక్షరాలు తర్వాత నేర్చుకున్నాను. మా బజార్లోనే డిప్లొమా చదివిన ఒకాయన పెద్ద రేడియో షాపు పెట్టి, నన్ను "బొమ్మల మెకానిక్కు" అనేవాడు. అననివ్వండి. ఆయన పనికిరావని తిప్పి పంపిన రేడియోలు ఎన్నో నా కొట్లో మళ్లీ పాడాయి.

ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఒక కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. పాతికేళ్లుంటాయి. తాటిపాకలో చమురు బావుల పనికి వెళతాడట. కాళ్లకి కంపెనీ వాళ్లిచ్చిన బండ బూట్లు, వాటి మీద చీలమండల దాకా బురద. చంకలో ఎరువుల సంచి చుట్టిన గిటారు.

"రేడియో మావయ్యగారంటే మీరేనాండి?"

"ఆయ్. ఏటి, చెడిందా?"

"చెడలేదండి. సరిగ్గానే పలుకుతుందండి. అదే నా బాధండి."

సంచి విప్పి, గిటారు వైరు నా దగ్గరున్న ఆంప్లిఫయరుకి తగిలించి ఒక తీగ మీటాడు. మీటి, చెయ్యి పైకెత్తి, వేళ్లతో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

"అంతేనండి. చచ్చిపోద్దండి" అన్నాడు.

సంగతేమిటంటే, వాళ్లది రాజోలు వైపు ఊరు. వాళ్ల చర్చిలో ఏటా కోతల పండుగ చేస్తారు. ఆ రోజు పొద్దున్న ఆడవాళ్లు కోసి కట్టిన కొత్త వరి పనలు తల మీద పెట్టుకుని గుమ్మంలోంచి బలిపీఠం దాకా నడుచుకుంటూ వస్తారు. వాళ్లు నడిచినంతసేపూ సన్నాయి మోగేది. ఆ సన్నాయి వాయించే ముసలాయన పోయాడు. రెండేళ్లపాటు పనలు చప్పుడు లేకుండానే లోపలికి వచ్చాయి. ఈసారి గిటారు వాయిస్తానని ఈ కుర్రాడు సంఘపెద్దగారిని అడిగాడు. ఆ పెద్దాయన రిటైరైన హెడ్‌మాస్టరు. గిటారు వాయించమని విని, ఒక షరతు పెట్టాడు. ఆడవాళ్లు గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు మొదలైన నాదం పీఠం దాకా తెగకుండా సాగాలి, సన్నాయిలాగే. తెగిందో, ఇక ఎప్పుడూ ఆ తీగల చెక్కని చర్చి గుమ్మం దాటించకూడదు.

"అంత తెగేసి చెప్పేరా?"

"ఆయ్. 'టింగుమని చచ్చే వాయిద్యం దేవుడి పండక్కి ఎందుకురా' అన్నారండి. నాకు ఇది తప్ప ఇంకేదీ రాదండి మావయ్యగారూ."

ఒకసారి ఏదో పని మీద మద్రాసు వెళ్లినప్పుడు, సినిమా పాటల రికార్డింగులో ఒక గిటారిస్టు కాలి దగ్గర చిన్న డబ్బా పెట్టుకోవడం చూశాడట. కాలితో నొక్కగానే తీగ ఆగడం మరిచిపోయినట్టు మోగుతూనే ఉందట. మా బజార్లో డిప్లొమా ఆయన్ని అడిగితే, "అది ఫారిన్ సరుకు. ఇక్కడ తయారవదు" అన్నాడట.

ఆ ఆఖరి మాట నా చెవిన పడకపోతే ఈ పని ఒప్పుకునేవాణ్ణి కానేమో.

పండక్కి ఐదు వారాలుంది. ఆ ఐదు వారాలు నా కొట్లో రేడియోలిచ్చిన వాళ్లందరూ నన్ను తిట్టుకునే ఉంటారు. నాకు ఒళ్లు తెలియలేదు. అన్నం తింటున్నా సర్క్యూటే, బస్సు కోసం నిలబడ్డా సర్క్యూటే. పాత రేడియోల్లోంచి పీకిన ట్రాన్సిస్టర్లు రెండు తీసుకుని, గిటారు నుంచి వచ్చే సన్నటి సిగ్నలుని విపరీతంగా పెంచి, పైనా కిందా కత్తిరించాను. అలా చేస్తే నాదం గరుకెక్కుతుంది, కానీ సాగుతుంది. దాన్ని మేమిద్దరం "గరుకు" అని పిలుచుకున్నాం. సన్నాయిలో ఉండే వణుకు కూడా కావాలన్నాడు కుర్రాడు. దానికి ఇంకో డబ్బా. దాని పేరు "వణుకు". రెండింటికీ కలిపి బ్యాటరీలైటులో వేసే సెల్సు ఆరు. ఇంతకంటే వివరం రాయను. తెలిసినవాడికి ఇది చాలు.

గరుకు డబ్బా మొదటిసారి తగిలించిన రోజు మాత్రం చెప్పి తీరాలి. కుర్రాడు డ్యూటీ దిగి వచ్చాడు, గిటారు మెడలో వేసుకున్నాడు. ఇంకా తీగ మీద చెయ్యి వెయ్యలేదు, స్పీకరులోంచి స్పష్టంగా ఒక గొంతు: "రైతు సోదరులారా, వరిలో దోమపోటు కనిపించిన వెంటనే..."

కుర్రాడు గిటారు వంక చూశాడు. నా వంక చూశాడు.

"మావయ్యగారూ, ఇదేటండీ, నా గిటారు వ్యవసాయం చెప్తోంది?"

నా సర్క్యూటు రేడియో స్టేషన్ని పట్టేసింది! రేడియోలు బాగుచేసి చేసి, నేనేం చేసినా రేడియోయే అయ్యేట్టుంది. నవ్వలేక చచ్చాం ఇద్దరం. కానీ వాడి మొహంలో నవ్వు తొందరగానే పోయింది. "పండగ రోజు పనలొచ్చేటప్పుడు దోమపోటు వినబడితే మా పెద్దాయన గిటారుతో పాటు నన్ను కూడా వెలేస్తారండి" అన్నాడు. దాని నోరు మూయించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. సర్క్యూటు చుట్టూ రేకు డబ్బా, లోపల ఒక చిన్న కెపాసిటరు. తర్వాత ఆ వ్యవసాయం గొంతు మళ్లీ వినబడలేదు.

అసలు చిక్కు స్విచ్చుల దగ్గర వచ్చింది. రెండు చేతులూ తీగల మీద ఉంటాయి కాబట్టి డబ్బాల్ని కాలితోనే నొక్కాలి. నా దగ్గరున్న స్విచ్చులన్నీ వేలితో నొక్కేవి. కుర్రాడు బూటు కాలితో ఒక్కటి తొక్కితే చాలు, పలుకులు పలుకులైపోయేవి. మూడు పగిలాక, రోడ్డుకి అవతల లారీ షెడ్డు పెట్టుకున్న మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మేమిద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్లం, చుట్టరికమేమీ లేదు.

"ఏం బావా, పిల్లలాడుకునే స్విచ్చులు పట్టుకుని ఏడుస్తున్నావు?"

"నీకు తెలిస్తే చెప్పు, తెలీకపోతే వెళ్లు."

"లారీ డ్రైవరు ఎదర బండొచ్చినప్పుడల్లా లైట్లు దించుతాడా? దేంతో దించుతాడు? కాలితోనే కదా. ఆ డిప్పరు స్విచ్చు విరిగిందని ఎవడన్నా నా షెడ్డుకొచ్చేడా ఎప్పుడైనా?"

నేను లేచి నిలబడిపోయాను. అప్పట్లో లారీల్లో, అంబాసిడరు కార్లలో డ్రైవరు ఎడంకాలి దగ్గర నేలమీద ఒక గుండ్రటి స్విచ్చుండేది. ఒకసారి తొక్కితే లైటు పైకి, మళ్లీ తొక్కితే కిందికి. ఒకసారి ఒక దారి, మళ్లీ నొక్కితే రెండో దారి. ఒక దారిలో గిటారు మామూలుగా, రెండో దారిలో గరుకుగా! నాకు కావలసింది సరిగ్గా అదే. కళ్లెదురుగా రోజూ లారీల కింద పడి ఉంటే నాకు కనబడలేదు. మేస్త్రిని కౌగిలించుకుంటే నా చొక్కాకి గ్రీసంటింది. ఆ మరక చివరిదాకా పోలేదు.

ఆయన ఊరుకున్నాడా? పాత లారీలోంచి యాక్సిలరేటరు పెడల్ కూడా ఊడదీసి తెచ్చాడు. దానికి నేను రేడియో వాల్యూమ్ కంట్రోలు బిగించాను. కాలు వంచితే శబ్దం పెరుగుతుంది, ఎత్తితే తగ్గుతుంది. పాత తలుపు చెక్క ఒకటి కోసి, దాని మీద ఎడమ పక్క గరుకు, మధ్యలో వణుకు, కుడి పక్క లారీ పెడల్ బిగించాం. "బండికి బ్రేకొక్కటే తక్కువ" అన్నాడు మేస్త్రి.

దాన్ని మేం పెడల్‌బోర్డనలేదు. "చెక్క" అన్నాం. ఇంకేమనాలో మాకు తెలియదు.

ఆఖరి వారంలో రోజూ సాయంత్రం కుర్రాడు డ్యూటీ నుంచి సరాసరి వచ్చి వాయించేవాడు. బూటు కాలితో టక్కుమని గరుకు నొక్కి, ఒక తీగ మీటి, దాని మీద వేలు జారుస్తూ ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి పోతుంటే, లారీ పెడల్ మీద కాలు నెమ్మదిగా వంగుతుంటే... బస్టాండులో బస్సెక్కిన వాళ్లు దిగి వచ్చేవారు. ఒకాయన వాళ్లావిడతో "సన్నాయి మేళం ఎక్కడుందే?" అని అడిగి, రోడ్డంతా వెతికి, చివరికి నా కొట్లోకి తొంగిచూశాడు. డిప్లొమా ఆయన కూడా ఒకరోజు షాపు మెట్టు మీద నిలబడి విన్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

నేనైతే అన్నిటినీ బల్ల మీద చేత్తో నొక్కి పరీక్ష చేశాను. కుర్రాడు బూట్లతో తొక్కి పరీక్ష చేశాడు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

పండగ రోజు పొద్దున్నే నేనూ మేస్త్రీ చెక్కని గోనెపట్టాలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాం. చర్చి నిండిపోయింది. పీఠం చుట్టూ గట్టు మీద అరటి గెలలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయల రాశులు, కాళ్లు కట్టిన రెండు కోళ్లు; ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గట్టుకి ఎడం పక్క మా చెక్క పెట్టి, చర్చి మైకుసెట్టుకే వైరు తగిలించాను. కుర్రాడు తెల్లచొక్కా వేసుకుని, బూట్లకి పాలిష్ పెట్టుకుని వచ్చాడు.

గుమ్మం దగ్గర బూట్లు విడిచాడు. మేజోళ్లు కూడా తీసి బూట్లలో కుక్కాడు. ఉత్త కాళ్లతో లోపలికి వచ్చి గట్టెక్కాడు. నేను చూస్తూనే ఉన్నాను. నా చెప్పులూ బయటే ఉన్నాయి. మేస్త్రివీ బయటే ఉన్నాయి. అయినా మా ఇద్దరిలో ఒక్కడికీ ఏమీ తట్టలేదు.

గుమ్మంలో ఆడవాళ్లు పనలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. సంఘపెద్దగారు ముందుకు వచ్చి, కానివ్వమన్నట్టు చెయ్యెత్తారు. కుర్రాడు కాలు గరుకు మీద పెట్టి నొక్కాడు.

టక్కుమనలేదు.

మళ్లీ నొక్కాడు. ఆ స్విచ్చు మొగ్గ వక్కంత ఉంటుంది, దాని కింద లారీ స్ప్రింగు. బూటు మడమ కోసం చేసిన వస్తువది. ఉత్త పాదం కింద అది మేకులా దిగబడుతుందే తప్ప కిందికి పోదు. మూడోసారి ఒంటి బరువంతా వెయ్యబోయాడు. మొహం నొప్పితో ముడుచుకుపోయింది, బరువు పూర్తిగా పడకముందే కాలు లేచిపోయింది. స్విచ్చు కదల్లేదు. జనం మెడలు చాచి చూస్తున్నారు. పెద్దాయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

కుర్రాడు నా వంక చూశాడు. కళ్లతోనే అడిగాడు, ఇప్పుడేటండీ అని.

నేను ఆలోచించి చేసిందేమీ కాదు. చాప మీదనుంచి లేచి, వంగి, దాదాపు పాకుతూ గట్టెక్కాను. నా మోకాలు తగిలి ఒక గుమ్మడికాయ దొర్లుకుంటూ మెట్లు దిగి ముందు వరసలో కూర్చున్న ఒకాయన ఒళ్లోకి వెళ్లింది. నేను అరటి గెలల మధ్య బోర్లా పడుకుని, రెండు చేతులూ చెక్క మీద వేశాను.

"నేను నొక్కుతాను. నువ్వు చెప్పు" అన్నాను.

"తల ఊపుతానండి. ఊపగానే ఎడందండి" అన్నాడు గుసగుసగా.

తల ఊపాడు. రెండు బొటనవేళ్లూ కలిపి ఎడంది నొక్కాను. నా ఎడమ. నేను వాడికి ఎదురుగా పడుకుని ఉన్నాను కదా. నా ఎడం చేతికి అందేవి లారీ పెడలూ వణుకూ. నేను నొక్కింది వణుకు. గిటారు జ్వరమొచ్చినట్టు గడగడ వణికి, మూడు లెక్కపెట్టేలోగా చచ్చిపోయింది. గట్టు మీద కోళ్లు రెండూ ఒకేసారి అరిచాయి. పిల్లలు కిసుక్కుమన్నారు.

వెనకనుంచి లారీ షెడ్డులో అరిచినట్టే అరిచాడు మేస్త్రి: "బావా! అవతలిది!"

అవతలిది నొక్కాను. టక్.

ఆ నాదం ఎలా వచ్చిందో నేను రాయలేను. కొట్లో ఎన్నోసార్లు విన్నదే. కానీ అంత పెద్ద కప్పు కింద, అంతమంది మధ్య, ఆ గరుకంతా కరిగిపోయి గొంతులా వచ్చింది. వణుకు ఆన్లోనే ఉండిపోయింది. అది కూడా కలిసి వచ్చింది. యాక్సిలరేటరు మీద ఉత్త పాదం చక్కగానే వంగుతోంది. తెగలేదు. ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి జారుతోంది గానీ తెగలేదు. పనలు కదిలాయి.

నాకు మనుషులు కనబడలేదు. బోర్లా పడుకున్నవాడికి ఏం కనబడతాయి? పాదాలు. మెడ పక్కకి తిప్పితే నడిచొస్తున్న ఆడవాళ్ల పాదాలు, ముందు వరసలో పాదాలు, గట్టు మీద పెద్దాయన పాదాలు, నా ముక్కుకి జానెడు దూరంలో కుర్రాడి పాదం, దాని మధ్యలో స్విచ్చు మొగ్గ దిగిన ఎర్రటి గుంట. అన్నీ ఉత్త పాదాలే. ఇంత బతుకు బతికి, గుడి మెట్టు ఎన్నడూ చెప్పులతో ఎక్కనివాణ్ణి, ఐదు వారాలు ఈ చిన్న సంగతి ఎలా తట్టలేదు నాకు? ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలో మనిషికి బూట్లుంటాయి. బొమ్మ చూసి నేర్చుకున్నవాణ్ణి కదా, బూట్లతో సహా నేర్చుకున్నాను. డిప్లొమా ఆయన పెట్టిన పేరు అంత సరిగ్గా నాకు అతికింది ఆ ఒక్కసారే.

పనలు పీఠం చేరేదాకా నేను పెద్దాయన కుడికాలి బొటనవేలు చూస్తూ ఉన్నాను. మొదట నేలకి అతికించినట్టుంది. సగం దారిలో కొద్దిగా లేచింది. తర్వాత తాళం వెయ్యడం మొదలుపెట్టింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఆరాధన అయ్యాక ఆయన మా దగ్గరికి వచ్చారు. కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు. నా చొక్కా నిండా అరటి జిగురు.

"సన్నాయి కాదురా అది" అన్నారు పెద్దాయన.

కుర్రాడు మెడలోంచి గిటారు తియ్యబోయాడు.

"సన్నాయి కాదు గానీ, ఊపిరుంది. వచ్చే ఏడు కూడా నువ్వే వాయించు." ఆ తర్వాత నావైపు తిరిగి, "మీరు మాత్రం వచ్చే ఏటికి కూర్చుని చేసే ఉపాయమేదైనా చూడండి. పడుకుని వద్దు. కోళ్లు బెదిరేయి" అన్నారు.

"ఆయ్" అన్నాను.

దొర్లిన గుమ్మడికాయని వేలంలో మేమే పాడుకోవలసి వచ్చింది. ఇంకెవరూ పాడలేదు, మా వంక చూసి నవ్వారంతే.

మర్నాడే కొబ్బరి మాను చెక్క తెచ్చి, అరచెయ్యంత పలకలు రెండు కోసి నున్నగా చిత్రిక పట్టి, మడతబందులతో స్విచ్చుల మీద మూతల్లా బిగించాను. పలక కొస మీద పాదం ఆనిస్తే చాలు, మొగ్గ దానంతటదే దిగుతుంది. బిగించాక చెప్పులు విడిచి వందసార్లు నొక్కి చూశాను. ఆ తర్వాత కుట్టుమిషను మోటారు బాగుచేసినా, మైకుసెట్టు బాగుచేసినా, దాన్ని వాడే మనిషి ఎక్కడ, ఎలా నిలబడి వాడతాడో అడగందే విప్పలేదు. కుర్రాడు ఆ చర్చిలో చాలా ఏళ్లు వాయించాడు. వేరే రాష్ట్రానికి బదిలీ అయినప్పుడు చెక్కని నా దగ్గర వదిలి వెళ్లాడు. "అక్కడ బూట్లతో వాయిస్తారంటండి, ఇది ఇక్కడే ఉండాలండి" అన్నాడు.

ఇదంతా విన్నాక ఆ కుర్రాళ్లిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముసలాయన కోతలు కోస్తున్నాడని అనుకున్నారని తెలుస్తూనే ఉంది.

"మీరెక్కడ వాయిస్తారు?" అని అడిగాను.

"మా చర్చిలోనండి. వచ్చే నెల కోతల పండక్కండి."

"ఇంతవరకు ఎక్కడ నొక్కి చూశారు?"

"మా మేడ మీదండి. షూస్ వేసుకునేనండి."

"ఇప్పుడు విప్పి నొక్కు."

పెట్టె మోసినవాడు షూస్ విప్పి, ఎర్ర డబ్బా మీద నిగనిగలాడుతున్న స్టీలు మొగ్గని పాదంతో నొక్కాడు. "అబ్బా" అని కాలు వెనక్కి తీశాడు. మడమతో ప్రయత్నించాడు, పక్క డబ్బా కూడా నొక్కుకుపోయింది. రెండోవాడు గట్టిగా నవ్వి, తనూ నొక్కి, నవ్వు ఆపేశాడు.

నేను లోపలికి వెళ్లి, మంచం కింద నుంచి చెక్క లాగి తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. కొబ్బరి పలకలు నల్లబడ్డాయి గానీ బందులు గట్టిగానే ఉన్నాయి. వాడు ఉత్త పాదం ఆనించాడు. టక్. మళ్లీ ఆనించాడు. టక్. మూడోసారి ఊరికే, సరదాకి నొక్కాడు.

"తాతగారూ," అన్నాడు పలక మీద నుంచి కాలు తియ్యకుండానే, "మాకు ఎనిమిది పలకలు కావాలండి."

"మొట్టమొదటిది అన్నావు చూడు, ఆ మాట ముందు వెనక్కి తీసుకో."

"తీసేసుకున్నానండి."

కొలబద్ద తెచ్చాను. వాడు పెట్టెని నావైపు జరిపాడు. "పెట్టె తర్వాత" అని, వాడి పాదం పట్టుకుని అరుగు మీద నిలబెట్టి, ముందు దాన్ని కొలిచాను.